కారు డీటెయిలింగ్‌లో చీదర పనులు: ఒక తెల్ల సెడాన్ ప్రాజెక్టు డైరీ

డీటెయిలింగ్ అంటే కారును మూలమూలలా శుభ్రం చేయడం. బండి పదకొండేళ్ల తెల్ల సెడాన్, మా బావది. హైదరాబాద్‌లో గేటు బయట కానుగ చెట్టు కింద ఉంటుంది. నురుగు కొట్టడం, మైనం పూయడం, టైర్లకు నలుపు రాయడం ఈ డైరీలో ఉండవు. అవి సరదా పనులు, ఎవరైనా చేస్తారు. ఇక్కడ రాసినవన్నీ "తర్వాత చూద్దాంలే" అని పక్కకు నెట్టేసేవి: డిక్కీలో ఒలికిన ఊరగాయ, సీటు పట్టాల్లో ఇరుక్కున్న చెత్త, ముందద్దం లోపలివైపు మసక, రిమ్ముల నల్లమసి, బోరునీళ్ల మరకలు.

పని మొత్తానికీ ఒకటే నియమం పెట్టుకున్నాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాల్సి వస్తోందంటే అక్కడ ఆగిపోవాలి. ఆ మురికి దేనికి లొంగుతుందో కనుక్కుని, ఆ మందు వేసి, దాని పని దాన్ని చేసుకోనివ్వాలి. నూనెకు పొడి, సున్నానికి పులుపు, ఇనుముకు దాని మందు.

ఇంట్లోనే దొరికినవి: వాక్యూమ్ క్లీనర్, పాత టూత్‌బ్రష్‌లు, అంగుళం పెయింటు బ్రష్, వంటింటి కాటా, టార్చి, 15 లీటర్ల బకెట్లు రెండు. వీటిని లెక్కలో వేయలేదు. ప్రతి దశ చివర ఇచ్చిన మొత్తాలు కొత్తగా పెట్టిన ఖర్చు, వాడిన నీళ్లు మాత్రమే.

దశ 1: డిక్కీలో ఆవకాయ

వేసవిలో ఊరి నుంచి వస్తున్న ఆవకాయ డబ్బా మూత వదులై, డిక్కీ కార్పెట్ మీద దాదాపు రెండు అరచేతుల మేర నూనె ఇంకింది. నేను చూసేటప్పటికి ఆవపిండి వాసన ముందు సీటు దాకా వస్తోంది.

"బావా, నీళ్లేమన్నా పోశావా?"

"ఒక్క మగ్గేరా, సబ్బునీళ్లు."

ఆ ఒక్క మగ్గే నూనెను కార్పెట్ కింది ఫోమ్‌లోకి తీసుకెళ్లింది. నూనె మరక మీద మొదట నీళ్లు పడకూడదు. పొడి పడాలి.

మొదట మైదా చల్లాను. కార్పెట్‌లో ఇంకా తడి ఉండటంతో అది జిగురుముద్దై పోగుల్లో పట్టేసింది. దాన్ని టూత్‌బ్రష్‌తో గీకడానికి పట్టిన సమయం అసలు మరకకు పట్టిన దానికంటే ఎక్కువ. మైదా వద్దు. ముల్తానీ మట్టికి మారాను. అది తడిసినా, ఆరాక పొడిగా రాలిపోతుంది.

1. కార్పెట్‌ను డిక్కీలోంచి పూర్తిగా బయటకు తీయండి. చాలా సెడాన్లలో పక్కనున్న ప్లాస్టిక్ క్లిప్పులు విప్పితే వచ్చేస్తుంది.
2. ఒక పూట నీడలో ఆరనిచ్చి, పైనుంచీ అడుగునుంచీ ముల్తానీ మట్టి మందంగా పరవండి. నేను 300 గ్రాములు వాడాను.
3. పైన పాత దుప్పటి మడతపెట్టి, దాని మీద బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి.
4. పొద్దున స్టీలు గరిటెతో గీకండి. వాక్యూమ్ తర్వాతే.

గీకి తీసిన పొడిని తూస్తే 352 గ్రాములు వచ్చింది. పోగుల్లో ఉండిపోయింది పోగా, 50 గ్రాములకు తగ్గకుండా నూనె, తడి బయటికొచ్చాయన్నమాట. పొడి రంగు ఇటుకపొడిలా మారింది. మళ్లీ 200 గ్రాములు పరిస్తే ఈసారి లేత గులాబీ రంగు మాత్రమే ఎక్కింది. అప్పుడు సబ్బు దగ్గరకొచ్చాను: లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల గిన్నెల లిక్విడ్. నీళ్లు పోయలేదు. చిలికి, పైకి తేలిన నురుగును మాత్రం బట్టల బ్రష్‌తో పట్టించి, తువ్వాలుతో అద్ది తీశాను. చివర్లో పలచగా జాడించాను.

నూనె పోయినా ఎర్ర ఛాయ మిగిలింది. దాన్ని రుద్దలేదు. మిరపకాయ రంగూ పసుపు రంగూ ఎండకు నిలవవు. డాబా మీద తిరగేసి వదిలేస్తే క్రమంగా వెలిసిపోయింది. దసరా పూజలో సీట్ల మీద పడిన పసుపుకూ ఇదే దారి. పసుపు మీద సబ్బు రాస్తే ఎర్రబడుతుంది, మరక పెరిగిందని కంగారుపడి జనం ఇంకా రుద్దుతారు. క్షారం తగిలితే పసుపు రంగు మారడం సహజం. కడిగేస్తే మళ్లీ పసుపుపచ్చకు వస్తుంది, మిగతాది ఎండ చూసుకుంటుంది.

స్టెప్నీ గుంటను మర్చిపోవద్దు. కార్పెట్ కింద ఏమీ లేదనుకుంటే, స్టెప్నీ ఎత్తాక చక్రం ఆకారంలో నూనె గీత కనిపించింది. సగం వాసన అక్కడిదే. గుంట అడుగున రబ్బరు బిరడా ఉంటుంది. తుడిచాక దాన్ని మళ్లీ గట్టిగా నొక్కకపోతే వానాకాలంలో గుంట చెరువవుతుంది.

ఖర్చు: మైదా 45, ముల్తానీ మట్టి అరకిలో 120, బట్టల బ్రష్ 40. మొత్తం 205 రూపాయలు. నీళ్లు 12 లీటర్లు.

దశ 2: సీటు పట్టాలు

నాకు అన్నిటికంటే చిరాకు పుట్టించే పని ఇదే. వాక్యూమ్ మూతి పట్టదు, చెయ్యి పట్టదు, పట్టిన చోట గ్రీజు అంటుతుంది. డ్రైవరు సీటు కింద ఇసుక, జంతికల ముక్కలు, గట్టిపడిన పళ్లరసం, రూపాయి బిళ్లలు, టోల్ రసీదులు.

మొదటి ప్రయత్నం పంక్చరు షాపులో గాలి. పని అరనిమిషంలో అయిపోయింది. కానీ దుమ్మంతా లేచి ఏసీ బిలాల్లోకి, టాపు లైనింగు మీదికి చేరింది. వాక్యూమ్ పక్కనే నడుస్తుంటే తప్ప గాలి కొట్టొద్దు.

సీటు విప్పేద్దామనిపిస్తుంది. నాలుగు బోల్టులే కదా. కానీ సీటు కింద పసుపు రంగు కనెక్టరు కనిపిస్తే ఆగండి. అది ఎయిర్‌బ్యాగుదో, సీటుబెల్టు బిగించే యంత్రానిదో అయ్యుంటుంది. బ్యాటరీ తీయకుండా దాన్ని పీకడం ప్రమాదం. పీకి ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, స్కానర్ పెట్టించేదాకా ఆరదు. నేను సీటు విప్పలేదు. ఇలా చేశాను:

1. సీటు పూర్తిగా వెనక్కి జరిపి ముందు సగం, పూర్తిగా ముందుకు జరిపి వెనక సగం. ఒకే చోట ఉంచితే పట్టాలో సగం సీటు కిందే ఉండిపోతుంది.
2. గట్టిపడిన రసం మీద వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ పరిచి పది నిమిషాలు వదలండి. పంచదార మరకకు వేరే మందు అక్కర్లేదు.
3. వాక్యూమ్ మూతికి అర అంగుళం గొట్టం ముక్క టేపుతో బిగించండి.
4. పెయింటు బ్రష్‌తో పట్టాలోంచి పైకి లేపుతూ, పక్కనే గొట్టంతో లాగండి.

ఆ గొట్టంలో ఒక చిక్కుంది. మూతి సన్నబడితే గాలి తక్కువ వెళుతుంది, మోటారు వేడెక్కుతుంది. టేపు చుట్టేటప్పుడు పక్కన చిటికెన వేలు దూరేంత సందు వదిలాను. లాగుడు కొంచెం తగ్గినా మోటారు శబ్దం మామూలుకొచ్చింది.

రెండు సీట్ల కింద నుంచి తీసిన చెత్త, నాణేలు కాకుండా, 310 గ్రాములు. పాత గ్రీజు ఇసుకతో కలిసి ఉప్పుకాగితంలా తయారైంది. దాన్ని పొడిగుడ్డతో తీసేసి తెల్ల లిథియం గ్రీజు పలచగా పూశాను. మందంగా పూస్తే కొత్త ఇసుకకు మీరే చోటిచ్చినట్టు. నాణేలు 23 రూపాయలు, బావకిచ్చేశాను, లెక్కలో కలపలేదు.

ఖర్చు: గొట్టం 30, గ్రీజు 150. ఇప్పటిదాకా 385 రూపాయలు. నీళ్లు 14 లీటర్లు.

దశ 3: ముందద్దం లోపలివైపు

పగలు శుభ్రంగానే కనిపిస్తుంది. రాత్రి ఎదురుగా లారీ లైట్లు పడితే అద్దమంతా పాలు చల్లినట్టవుతుంది. ఎండలో కాగిన డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి ఆవిరయ్యే నూనెలాంటి పదార్థం అద్దం మీద పొరగా పేరుకుంటుంది. అగరుబత్తి పొగ, మన శ్వాస దానికి తోడు.

పాత పేపరు పద్ధతి చేసి చూశాను. పొర పోలేదు, చోటు మారింది. పేపరు తడిసి చిరిగి, సిరా అద్దం అంచు రబ్బరుకు అంటింది. తర్వాత బజారులో దొరికే నీలం ద్రవం: మధ్యలో బాగుంది, అంచుల్లో ఇంద్రధనుస్సు గీతలు. చివరికి కుదిరిన మిశ్రమం 150 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 350 మి.లీ. డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ షాపుల్లో అయిదు లీటర్ల డబ్బాలో అమ్మేవే ఆ నీళ్లు. డబ్బా మీద పేరు చదివి కొనండి, పక్కనే ఆసిడ్ డబ్బాలూ ఉంటాయి.

అయినా మొదటి విడతలో మసక మిగిలింది. మిశ్రమం తప్పు కాదు, గుడ్డది. ఆ మైక్రోఫైబర్ గుడ్డను ఇంట్లో కంఫర్ట్‌తో ఉతికారు. బట్టలను మెత్తబరిచే ఆ ద్రవం పోగులకు పట్టి, అద్దానికి కొత్త పొర వేస్తుంది. అద్దాలకు రెండు కొత్త గుడ్డలు విడిగా పెట్టాను, ఉతికేది ఉత్త సబ్బుతోనే.

1. పక్క సీట్లో కూర్చోండి. డ్రైవరు సీట్లో స్టీరింగు అడ్డం.
2. ద్రవం గుడ్డ మీదే కొట్టండి. అద్దం మీద కొడితే తుంపర స్క్రీను మీద, డ్యాష్‌బోర్డు మీద పడుతుంది.
3. లోపల నిలువుగా, బయట అడ్డంగా తుడవండి. గీత మిగిలితే ఏ వైపుదో చూడగానే తెలుస్తుంది.
4. తడిగుడ్డ వెంటనే పొడిగుడ్డ. ఆరనివ్వొద్దు.
5. డ్యాష్‌బోర్డు, అద్దం కలిసే ఇరుకు మూలకు 30 సెం.మీ. ప్లాస్టిక్ స్కేలుకు గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండ్లు వేయండి. చెయ్యి పట్టని చోటికి స్కేలు పోతుంది.

ఫాస్టాగ్ చుట్టూ రెండు వేళ్ల వెడల్పు వదిలేయండి. ఆల్కహాల్‌కు దాని జిగురు ఊడుతుంది. ఒకసారి ఊడితే ట్యాగు పనిచేయకుండా పోయేలాగే దాన్ని తయారు చేస్తారు. ఆ చిన్న మసక చతురస్రం అలాగే ఉండనివ్వండి. వెనకద్దం మీద వేడి గీతలుంటే వాటి వెంబడే తుడవండి, అడ్డంగా గట్టిగా రాస్తే తెగుతాయి.

మొదటి గుడ్డ టీ రంగుకు తిరిగింది. మూడోసారి తుడిచినప్పుడు తెల్లగానే వచ్చింది, అక్కడ ఆపాను.

ఖర్చు: ఆల్కహాల్ 220, బ్యాటరీ నీళ్లు 110, గుడ్డలు 240. ఇప్పటిదాకా 955 రూపాయలు. కుళాయి నీళ్లు 14 లీటర్లే, ఇందులో ఏమీ పడలేదు.

దశ 4: రిమ్ములు

ముందు చక్రాలు నల్లగా, వెనకవి కాస్త మామూలుగా ఉన్నాయి. ఈ బండికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. డిస్కు పోతఇనుము. బ్రేకు వేసినప్పుడల్లా అరిగి, ఆ వేడి ఇనుపరజను రిమ్ము పూతలోకి గుచ్చుకుని అక్కడే తుప్పుపడుతుంది. సబ్బుకు అది రాకపోవడానికి కారణం అదే. అది మట్టి కాదు.

నిమ్మకాయ, వంటసోడా కలిపి రాయడం దండగ. పులుపు, సోడా ఒకదాన్నొకటి చంపుకుని ఉప్పునీళ్లు మిగులుతాయి, బుడగలు చూసి పని జరుగుతోందనుకుంటాం. ఒక వాటర్ సర్వీసింగు షెడ్డులో ఈ బండికి రెండేళ్ల క్రితం ఆసిడ్ కొట్టారు. తళతళలాడింది నిజమే, తర్వాత ఒక రిమ్ము అంచున పూత లేచి అల్యూమినియం తెల్లగా పొడిబారింది. ఆ చోటు ఇక కడిగితే బాగయ్యేది కాదు.

వాడింది ఐరన్ రిమూవర్. అందులో ఉండే థయోగ్లైకోలేట్ ఇనుముతో కలిసి ఊదారంగుకు మారుతుంది. వాసన మాత్రం కుళ్లిన గుడ్డు. చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి, గాలి ఆడే చోటే చేయండి.

మొదటి చక్రానికి 140 మి.లీ. ఖర్చయింది, ఫలితం సగమే. బురద పొర మీదే కొట్టడంతో మందు ఇనుము దాకా చేరలేదు. మిగతా మూడింటికి వరస మార్చాను:

1. రిమ్ము చల్లబడే దాకా ఆగండి. చేత్తో తాకి చూడండి.
2. ముందు షాంపూ నీళ్లతో బురద వదిలించి, తుడిచి ఆరబెట్టండి. తడి ఉంటే మందు పలచబడుతుంది.
3. ఒక్క రిమ్ముకే కొట్టి మూడు నాలుగు నిమిషాలు ఆగండి. ఎండిపోతుంటే ఇంకొంచెం తుంపర.
4. ఊదా ధారలు కారాక మెత్తటి బ్రష్ తిప్పి, బాగా జాడించండి.

ఇలా చేస్తే చక్రానికి 60 మి.లీ. సరిపోయింది. 500 మి.లీ. సీసాలో 180 మిగిలింది. మూడు నాలుగు నిమిషాలు ఏమీ చేయకుండా నిలబడటమే ఇందులో కష్టం, చెయ్యి బ్రష్ మీదికే పోతుంటుంది.

రిమ్ము లోపలి గుండ్రం అసలు నరకం. చక్రం బండికి ఉండగా పొడవు బ్రష్‌తో సగమే అందుతుంది. టైర్లు అటూ ఇటూ మార్చే రోజున, చక్రాలు ఎలాగూ విప్పుతారు కాబట్టి, అప్పుడు చేయడం తెలివైన పని. లోపల అంటించిన బ్యాలెన్సింగు బరువులుంటాయి. వాటి జిగురు దగ్గర గట్టిగా రుద్దితే ఊడి, 80 దాటగానే స్టీరింగు వణుకుతుంది.

ఖర్చు: ఐరన్ రిమూవర్ 520, పొడవు బ్రష్ 230, తొడుగులు 100. ఇప్పటిదాకా 1,805 రూపాయలు. నీళ్లు 74 లీటర్లు.

దశ 5: బోరునీళ్ల మరకలు

తెల్ల రంగు మీద ఎదురుగా నిలబడితే కనిపించవు. టార్చి పక్కకు వాల్చి పట్టుకుంటే టాపు మీద, బానెట్ మీద ఉంగరాల్లా తేలాయి. కారణం వెతకడానికి టీడీఎస్ మీటరు కొన్నాను, నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులను కొలిచేది. లీటరుకు మిల్లీగ్రాముల్లో రీడింగులు ఇవి:

బోరు కుళాయి: 860
ఆర్.ఓ. తాగునీరు: 55
ఆర్.ఓ. వదిలేసే నీళ్లు: 1,200
ఇంట్లో ఏసీ నుంచి కారే నీళ్లు: 28
బ్యాటరీ నీళ్లు: 3

తాగునీటికి భారత ప్రమాణం చెప్పే మేలైన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేకుంటే 2,000 దాకా ఒప్పుకుంటుంది. అంటే మా బోరు తాగడానికే అంతంతమాత్రం. అసలు విషయం మూడో వరుసలో ఉంది. నీళ్లు వృథా కాకూడదని ఆర్.ఓ. వదిలేసే నీళ్లను పట్టి, దాంతోనే బావ రోజూ కారు కడిగిస్తున్నాడు. ఆలోచన మంచిదే. కానీ శుద్ధినీళ్లలోంచి తీసిన ఉప్పూ సున్నమూ చేరేది అందులోకే. ఆ నీళ్లు బాత్రూముకు, గచ్చుకు వాడుకోండి, బండి మీద ఆరనివ్వొద్దు.

మరకలకు వెనిగర్. సీసాలోది సగానికి సగం బ్యాటరీ నీళ్లతో పలచన చేసి, డ్రైవరు డోరు మీద అరచేయంత చోట పరీక్షించాను. తడిపిన గుడ్డ రెండు నిమిషాలు అంటించి ఉంచితే ఉంగరం తెల్లగా మెత్తబడి తుడిచేస్తే పోయింది. అదే ఎండలో చేస్తే గుడ్డ ఆరిపోయి కొత్త గీత పడింది. నీడలోనే, ఒక్కో పలక విడివిడిగా.

టాపు మీద మాత్రం పది ఉంగరాల్లో మూడు మిగిలాయి. గోటితో తడిమితే పల్లంగా తగిలాయి. అవి పైన పేరుకున్న సున్నం కాదు, ఎండలో పూతను తినేసిన గుంటలు. వాటికి వెనిగర్ ఎంత పెట్టినా దండగే, పాలిషింగు మిషను పని. అది వేరే ప్రాజెక్టు. పక్క అద్దాల మీద మరకల్లో కొన్నింటికీ వెనిగర్ పనిచేయదు, అవి సిలికావి. వాటికి సీరియం ఆక్సైడ్ పాలిష్ కావాలి.

ముఖ్యమైన హెచ్చరిక: కింద నేల చూసుకోండి. మా పార్కింగులో షాబాదు బండలు. అవి సున్నపురాయే. వెనిగర్ చుక్కలు పడ్డచోటల్లా మెరుపు పోయి బూడిదరంగు మచ్చలు పడ్డాయి. కడప రాయి, పాలరాయి ఉన్నచోటా ఇదే జరుగుతుంది. కారు పని మొదలుపెట్టే ముందే నేలను బాగా తడిపి, పని మధ్యలోనూ నీళ్లు పోస్తుండాలి.

వెనిగర్ తర్వాత షాంపూతో కడిగి, క్లే ముద్దతో (పూతకు అంటుకున్నదాన్ని లాగేసే బంకమట్టిలాంటి ముద్ద) కానుగ జిగురు తీశాను. క్లే కింద పడితే మళ్లీ వాడకండి, అందులో దూరిన ఒక్క ఇసుకరేణువు బానెట్ పొడవునా గీత వేస్తుంది. ఆఖరి జాడింపు ఏసీ నీళ్లతో. రాత్రంతా నడిస్తే సగం బకెట్ దాకా వస్తోంది. పలచటి గుడ్డలో వడగట్టి మగ్గుతో పైనుంచి పోశాను. కొన్ని చోట్ల కావాలనే తుడవకుండా వదిలేశాను: ఆరాక టార్చి పెట్టినా ఉంగరాల్లేవు.

వెనిగర్‌తో పాత మైనం కూడా పోతుంది, అదే రోజు మళ్లీ పూయాల్సిందే. మైనం డబ్బా బావ దగ్గర ఉన్నదే.

ఖర్చు: టీడీఎస్ మీటరు 260, వెనిగర్ రెండు సీసాలు 110, క్లే 430. ఇప్పటిదాకా 2,605 రూపాయలు. నీళ్లు 149 లీటర్లు, అందులో ఏసీ నీళ్లు 12.

దశ 6: టాపు లైనింగు, సీటుబెల్టులు

లైనింగు మీద తలనూనె మరక. దీనికి చేసింది తక్కువ, కావాలనే. గుడ్డ వెనక పలచటి ఫోమ్, దాని వెనక జిగురు. తడిస్తే జిగురు వదిలి గుడ్డ కిందికి వేలాడుతుంది, మళ్లీ అతికించడం కష్టం, చాలాసార్లు మొత్తం మార్చాల్సి వస్తుంది. నురుగు మాత్రం తాకించి, ఒకే దిశలో అద్ది వదిలేశాను. వెతికితే మరక ఇంకా కనిపిస్తుంది. ఉండనీ.

వెనక సీటుబెల్టు లాగి వదిలితే సగంలో వేలాడుతోంది. స్ప్రింగు పోయిందని బావ అనుకున్నాడు. చెమట, నూనె పట్టి బెల్టు అట్టగట్టింది, అంతే.

1. బెల్టు పూర్తిగా లాగి, చుట్టుకునే చోట బట్టల క్లిప్పు పెట్టండి.
2. గిన్నెల లిక్విడ్ నురుగుతో నేత వెంబడి బ్రష్ చేయండి. బ్లీచింగు వద్దు, పోగు బలహీనపడుతుంది.
3. తడిగుడ్డతో తుడిచి, క్లిప్పు తీయకుండా రాత్రంతా ఆరనివ్వండి. తడిగా చుట్టుకుంటే లోపల బూజు.
4. పైనున్న ప్లాస్టిక్ కొక్కెం లోపలి జిడ్డును ఆల్కహాల్ గుడ్డతో తీయండి.

చాలామంది నాలుగోది వదిలేస్తారు. బెల్టు ఆపేది ఎక్కువగా అక్కడే. దాన్ని తుడవక ముందు బెల్టు ముప్పాతిక దాకా వెళ్లి ఆగింది, తుడిచాక రెండు సెకన్లలో టక్కున లోపలికి పోయింది.

కొత్తగా కొన్నదేమీ లేదు. మొత్తం ఖర్చు 2,605 రూపాయలు. నీళ్లు 152 లీటర్లు. మిగిలినవి: ఐరన్ రిమూవర్ 180 మి.లీ., బ్యాటరీ నీళ్లు దాదాపు మూడు లీటర్లు, సగం క్లే. చేయనివి: టాపు మీద గుంటలు, పూత లేచిన రిమ్ము అంచు, షాబాదు బండల మీద మచ్చలు.